పశువుల పుండ్లకు పెరటి మందులు

మనలో చాలామంది ఇళ్లలో ఎద్దుకు కాడిపుండు పడితే సేద్యమే ఆగిపోతుంది. అందుకే మన పెద్దల మందుల్లో మంచిచెడ్డలు తెలుసుకుందాం.

ముందు పుండును కాచి చల్లార్చిన ఉప్పునీటితో కడగాలి. తర్వాత పసుపు కలిపిన వేపనూనె పూయాలి. పసుపు సూక్ష్మక్రిములను అణచి వాపు తగ్గిస్తుంది. వేప వాసనకు ఈగలు అంతగా వాలవు. ఈగ గుడ్లు పెడితే ఒక్కరోజులోనే పురుగులు పడతాయి. అప్పుడు సీతాఫలం ఆకు నూరి కడతారు. దాని గింజల పొడి మాత్రం వాడరాదు, కంట్లో పడితే చూపుకే ముప్పు. కిరోసిన్, ఫినాయిల్ పోస్తే పచ్చికండ కాలుతుంది. పుండు మానేదాకా కాడి కట్టరాదు.

మేకు దిగిన లోతు గాయానికి ఇంటిమందు చాలదు. ధనుర్వాతం రావచ్చు, గుర్రాలకైతే మరీ ముప్పు. వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి, లేదా సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయాలి. ఈ మాట ఇంటికి చేరవేయడం చదువుకున్న మన బాధ్యత.