నాగలికి తగిలిన రోము బంగారం

మైపాడు: నాట్లు పూర్తయి తీరిక చిక్కినప్పుడు ఆలుమగలిద్దరూ ఒకసారి చెన్నై వెళ్లి చూడదగినది ఎగ్మూరు మ్యూజియం. తెల్లవారుజామున బయలుదేరి నెల్లూరులో రైలెక్కితే రాత్రికి ఇల్లు చేరవచ్చు. 1851లో స్థాపించిన ఈ మ్యూజియానికి శుక్రవారం సెలవు.

అక్కడ అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. దక్షిణాదిలో దొరికిన రోము నాణేలూ ఉన్నాయి. మన మిరియాలకు, బట్టలకు ఐరోపా నుంచి వచ్చిన సొమ్ము అది. మధ్యాహ్నం అరటాకు భోజనం దగ్గర ఇంటాయన ఇల్లాలికి చెప్పవలసిన కథ ఒకటుంది.

1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుండగా నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వితే పాత గుడి, దాని కింద చిన్న కుండ, అందులో ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలపు బంగారు నాణేలు బయటపడ్డాయి. పాపం, అతడు పాత బంగారం కిందే అమ్ముకున్నాడు. చాలావరకు కరిగిపోయాయి. ముప్పైకి పైగా నాణేలను ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా దక్కించుకున్నారు.

పొలంలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. సొంతదారు తేలకపోతే దొరికినవారికీ వాటా ఉంది. కుండ తగిలితే కంసాలి కొట్టుకు కాదు, ముందు కచేరీకి నడవాలి.