జీర్ణగ్రంథుల స్రావములు - వాని నియమనము

చిత్తూరు, కడప, నెల్లూరు సీమల నుండి వచ్చి కాట్పాడి స్టేషనులో దిగి వేలూరు వైద్యశాలకు పోవు తెలుగు రోగులలో, ‘కడుపులో మంట’ అని తమ బాధను చెప్పుకొనువారికి ఏనాడును కొదువ లేదు. ఆకలివేళ నొప్పి, అర్ధరాత్రి నొప్పి. రెండు ముద్దలు తిన్నంతనే శాంతి. కొన్ని గంటలకు మరల అదే నొప్పి. ఇది తరచుగా డుయోడినపు పుండు లక్షణము. డుయోడినమనగా జఠరమును దాటగానే వచ్చు చిన్నప్రేవు మొదటి భాగము. గోధుమ తిను ఉత్తరాదికన్న వరి తిను దక్షిణాదిని ఈ పుండు హెచ్చుగా కనబడుచుండెనని వైద్యులు పూర్వమే గుర్తించిరి. దీని మర్మము తెలియవలెనన్నచో, జీర్ణగ్రంథులు తమ రసములను ఎప్పుడు విడుచునో, ఎప్పుడు నిలుపునో తెలియవలెను. ఈ రెండవదియే సామాన్యముగా ఎవరును అడుగని ప్రశ్న.

లాలాజలము, జఠరరసము, పైత్యరసము, క్లోమరసము, ఆంత్రరసము కలిసి దినమునకు ఇంచుమించు 7 లీటర్లు స్రవించును. ఇందు అధికభాగమును ప్రేవులు మరల రక్తములోనికి పీల్చుకొనును. ఇంత ద్రవము వేళాపాళా లేక స్రవించినచో దేహము నిలువదు. అందుచేత ప్రతి గ్రంథికిని ఆజ్ఞ అందవలెను. ఆ ఆజ్ఞ రెండు మార్గముల వచ్చును: ఒకటి నాడుల మార్గము, రెండవది రక్తమార్గము.

మామిడికాయ తరుగుచుండగా నోట నీరూరుట నాడుల పని. లాలాజల గ్రంథులు దాదాపు పూర్తిగా నాడులకే లోబడినవి. జఠరము సయితము భోజనము చేరకముందే సిద్ధపడును. రష్యా దేశపు పావ్లోవ్ కుక్కల అన్ననాళమును కోసి, అవి మ్రింగిన ఆహారము మెడయొద్దనే వెలికి పోవునట్లు చేసెను. మెతుకైనను జఠరమును చేరకున్నను జఠరరసము ధారాళముగా ఊరెను. వేగస్ నాడులను ఖండించిన పిమ్మట ఊరలేదు. జీర్ణక్రియపై చేసిన పరిశోధనలకే 1904లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

అంతయు నాడులే నడుపునను నమ్మకము అంతకు రెండేండ్ల ముందే సడలెను. 1902లో, అనగా వేలూరులో ఐడా స్కడ్డర్ 40 పడకల ఆసుపత్రిని తెరచిన యేటనే, లండనులో బేలిస్, స్టార్లింగ్ అను ఇరువురు ఒక కుక్క ప్రేవుభాగమునకు పోవు నాడులన్నిటిని త్రెంచి, ఆ భాగములో ఆమ్లమును పోసిరి. అయినను క్లోమము రసమును స్రవించెను! ప్రేవు లోపొరను గీకి, ఆమ్లముతో నూరి, ఆ సారమును రక్తములోనికి ఎక్కింపగా అదే ఫలితము కలిగెను. ఆ వార్తాహరునకు సెక్రిటిన్ అని పేరిడిరి. ‘హార్మోను’ అను మాట 1905లో స్టార్లింగ్ వాడినదే.

సెక్రిటిన్ పని మిక్కిలి పొందికైనది. జఠరము నుండి ఆమ్లము డుయోడినమున పడగానే అది వెలువడును. క్లోమము నుండి క్షారగుణముగల రసమును రప్పించును. ఆమ్లము శమింపగానే తానును తగ్గును. పప్పన్నములో నేయి పడినచో మరియొక హార్మోను, కొలిసిస్టోకైనిన్, పిత్తాశయమును ముడుచుకొనజేసి పైత్యరసమును విడిపించును. జఠరము వడిగా ఖాళీ కాకుండ ఆపును. నేతిభోజనము చాలసేపు కడుపున నిలుచునని పెద్దలనుటకు కారణమిదియే.

ఇక జఠరములో గాస్ట్రిన్ అను హార్మోను ఆమ్లమును పెంచును. ఆమ్లము మితిమీరినంతనే పొరుగు కణములు సొమటోస్టాటిన్ అను దానిని విడిచి గాస్ట్రిన్ నోరు నొక్కును. బండికి గుఱ్ఱమెంత అవసరమో కళ్ళెమును అంతే అవసరము. పుండు పుట్టుటలో ఈ కళ్ళెమే ముఖ్యము.

అయితే ఈ సంగతి చాలకాలము తెలియలేదు. 1922, 1924 సంవత్సరములలో ఎవరెస్టు యాత్రలలో పాల్గొనిన శస్త్రవైద్యుడు హోవర్డ్ సోమర్వెల్, తిరువాన్కూరులోని నెయ్యూరులో ఇట్టి రోగులకు పెక్కేండ్లు చికిత్సచేసి, 1949 మొదలు 1961 వరకు వేలూరు వైద్యకళాశాలలో శస్త్రవిద్య బోధించెను. జఠరమును క్రింది ప్రేవుతో అతుకుట ఆనాటి ముఖ్యశస్త్రము. 1943లో షికాగోలో డ్రాగ్‌స్టెడ్ వేగస్ నాడులను ఖండించు పద్ధతిని చేపట్టగా, అదియు వ్యాప్తికి వచ్చెను. పావ్లోవ్ కుక్కలలో చూచినది మనుష్యునకు చికిత్స అయ్యెను. నొప్పి తగ్గిన మాట నిజమే. కాని కొందరికి విరేచనములు, కొందరికి జఠరము కదలక నిలిచిపోవుట సంభవించెను. ఆజ్ఞ తెచ్చు తంత్రినే తెంచినప్పుడు అది తప్పదు కదా!

1982లో ఆస్ట్రేలియాలోని పెర్తులో మార్షల్, వారెన్‌లు జఠరపు లోపొరలో నివసించు సూక్ష్మజీవిని పెంచి చూపిరి. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. వారికి 2005లో నోబెల్ బహుమానము లభించెను. ఈ జీవి జఠరపు క్రిందిభాగమున చేరి సొమటోస్టాటిన్‌ను తగ్గించును. అందుచే గాస్ట్రిన్‌కు అడ్డులేక ఆమ్లము పెరుగును. డుయోడినపు క్షారస్రావము కూడ కొరవడును. మిరపకాయయే దోషియని నిందించుట అంత న్యాయము కాదు. ఈ జీవి మన దేశమున బహుజనులలో ఉన్నను పుండుపడువారు కొందరే. నొప్పిమాత్రలను విడువక మ్రింగువారికి ఈ జీవి లేకున్నను పుండు పడవచ్చును. అవి జఠరమును కాపాడు జిగురుపొరను క్షీణింపజేయును.

నేడు శ్వాసను గాని మలమును గాని పరీక్షించి ఈ జీవి ఉనికిని తెలిసికొనవచ్చును. ఒకటి రెండు వారములు ఆమ్లమును తగ్గించు మందుతోపాటు సూక్ష్మజీవినాశకములను వైద్యుడు చెప్పినట్లు వాడినచో చాలమందిలో అది నశించును. ఇట్లు నశించినవారిలో గాస్ట్రిన్ దిగి, డుయోడినపు క్షారస్రావము మరల పూర్వస్థితికి వచ్చుట పరిశోధకులు కొలిచి చూచిరి. వేగస్ నాడిని ఖండించు శస్త్రము ఇప్పుడు అరుదు.