80సి పోయినా పీపీఎఫ్ పోలేదు

జనవరి వచ్చిందంటే ఉద్యోగుల ఇళ్లలో కాగితాల వేట మొదలయ్యేది. ఎల్ఐసీ రసీదు, పీపీఎఫ్ (15 ఏళ్ల ప్రభుత్వ పొదుపు ఖాతా) పాస్‌బుక్ జిరాక్స్, పిల్లల స్కూలు ఫీజు రసీదు అన్నీ వెతికి ఆఫీసులో ఇవ్వాలి. అప్పటికీ 80సి (పొదుపు, బీమా వంటివాటికి పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) హద్దయిన లక్షన్నర నిండకపోతే, తెలిసిన ఏజెంటు చెప్పిన పాలసీకి సంతకం పెట్టేసేవారు. పన్ను తప్పించుకోవడానికే కొన్నా, అది పొదుపే.

కొత్త పన్ను విధానంలో ఈ హడావుడి చాలామందికి తప్పింది. 2023-24 నుంచి ఇదే డిఫాల్ట్ (మనం పాతది కావాలని కోరకపోతే దానంతటదే వర్తించే పద్ధతి). 2025-26 నుంచి పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు (లెక్కకట్టిన పన్నును మాఫీ చేయడం) వల్ల కట్టాల్సింది సున్నా. జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ (రుజువులు అడగకుండా జీతంలోంచి తీసేసే మొత్తం) కూడా ఉంది కాబట్టి హద్దు 12.75 లక్షలు. షేర్ల లాభాల వంటి ప్రత్యేక రేట్ల ఆదాయానికి మాత్రం ఈ రిబేటు వర్తించదు. వీటన్నిటికీ బదులుగా 80సి కింద వచ్చే 1.5 లక్షల మినహాయింపును వదులుకోవాలి.

దాంతో చాలా ఇళ్లలో వస్తున్న ప్రశ్న ఒక్కటే. మినహాయింపే లేనప్పుడు పీపీఎఫ్ ఎందుకు కట్టాలి?

దీర్ఘకాల పొదుపు మీద పన్ను మూడు చోట్ల పడే అవకాశం ఉంటుంది: డబ్బు వేసేటప్పుడు, అది పెరిగేటప్పుడు, చివర తీసుకునేటప్పుడు. కొత్త విధానం ఎత్తేసింది మొదటి చోట ఉన్న రాయితీని మాత్రమే. పీపీఎఫ్ వడ్డీకి ఇప్పటికీ పన్ను లేదు, చేతికొచ్చే మొత్తానికీ లేదు. ఈ వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం, 2025-26లోనూ అంతే. ఏటా ఏప్రిల్ 5లోగా లక్షన్నర వేస్తూ పోతే, ఇదే రేటు నిలిచిన పక్షంలో 15 ఏళ్లకు 22.5 లక్షలు దాదాపు 40.7 లక్షలవుతాయి. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి అంత మిగలాలంటే బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ దాదాపు 9 శాతం వడ్డీ ఇవ్వాలి. ఇప్పుడు పన్ను కట్టనివారు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి: జీతం ఇక్కడే ఆగిపోదు, ఖాతా మాత్రం 15 ఏళ్లు నడుస్తుంది.

మొదటి చోట కూడా ఒక దారి తెరిచే ఉంది. చాలామంది ఉద్యోగులు దాన్ని గమనించరు. ఎన్‌పీఎస్‌లో (మార్కెట్ ఆధారంగా పెరిగే జాతీయ పింఛను పథకం) మన జేబులోంచి వేసుకునే డబ్బుకు కొత్త విధానంలో మినహాయింపు రాదు. అదే డబ్బును యజమాని మన తరఫున వేస్తే, బేసిక్, డీఏల మొత్తంలో 14 శాతం దాకా వస్తుంది. 2024 జులై బడ్జెట్ ప్రైవేటు ఉద్యోగులకు ఈ హద్దును 10 నుంచి 14కు పెంచింది.

లెక్క వేసి చూద్దాం. పీఎఫ్‌లో (ఉద్యోగుల భవిష్య నిధి) యజమాని వాటా కాకుండా ఏడాది జీతం 13.5 లక్షలు, అందులో బేసిక్ 6.75 లక్షలు అనుకోండి. స్టాండర్డ్ డిడక్షన్ పోను 12.75 లక్షలు మిగులుతాయి. అది 12 లక్షలు దాటింది కాబట్టి రిబేటు పోయింది. పన్ను 71,250, దానిపై 4 శాతం సెస్సుతో 74,100 రూపాయలు. ఇప్పుడు అదే 13.5 లక్షల్లో బేసిక్‌లో 14 శాతం, అంటే 94,500 రూపాయలు, యజమాని ఎన్‌పీఎస్‌కు పంపేలా జీతాన్ని మార్చుకుంటే లెక్కకు వచ్చే ఆదాయం 11,80,500కు దిగుతుంది. పన్ను సున్నా. చేతికొచ్చే జీతం తగ్గేది ఏడాదికి 20,400 మాత్రమే, పింఛను ఖాతాలో చేరేది 94,500. ఇందులో మెలిక లేకపోలేదు. ఈ డబ్బులో ఎక్కువ భాగం 60 ఏళ్ల దాకా కదలదు. ఆ తర్వాత కూడా కొంత భాగంతో యాన్యుటీ (నెలనెలా పింఛను ఇచ్చే బీమా పథకం) కొనాలి, ఆ పింఛనుకు పన్ను ఉంటుంది. అయిదారేళ్లలో ఇల్లు కట్టుకోవాలనుకునేవారు ఈ దారిలో మరీ ముందుకు పోకూడదు.

పాత విధానం ఎవరికి గిట్టుతుంది? 15 లక్షల జీతానికి స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా దాదాపు 5.44 లక్షల మినహాయింపులు దాటాలి. పెద్ద ఇంటి అద్దె, ఇంటి రుణ వడ్డీ, ఆరోగ్య బీమా అన్నీ కలిస్తే తప్ప అంత కావు. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి ఏ విధానమనేది ఏటా రిటర్న్ వేసేటప్పుడు మార్చుకోవచ్చు.

ఇక తీసుకునేటప్పటి సంగతి. హైదరాబాద్ ఐటీ సంస్థల్లో రెండు మూడేళ్లకోసారి ఉద్యోగం మారడం మామూలే. మారినప్పుడల్లా పాత పీఎఫ్ తీసి బైకో ఫోనో కొనడం నా దృష్టిలో పొదుపులో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. వరుసగా అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే, అనారోగ్యం, సంస్థ మూతపడటం వంటి సందర్భాల్లో తప్ప, యజమాని వాటా, వడ్డీ ఆ ఏడాది ఆదాయంలో కలుస్తాయి. కొత్త సంస్థకు బదిలీ చేసుకుంటే పాత సర్వీసు లెక్కలో ఉంటుంది. పీఎఫ్‌తో పాటు వచ్చే పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి, ఆ పింఛను డబ్బు కూడా తీసేసుకుంటే ఆ లెక్కా మొదటికొస్తుంది.

పొదుపును కుటుంబంలో ఎవరి పేరున వేస్తున్నామన్నదీ చూసుకోవాలి. పన్ను తగ్గుతుందని భార్య పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసే భర్తలు చాలామంది. డబ్బు భర్తదైతే ఆ వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. ఆమె పీపీఎఫ్ ఖాతాలో వేస్తే ఈ చిక్కు లేదు, వడ్డీకి అసలు పన్నే లేదు కాబట్టి. ఆమెకు 1.5 లక్షల హద్దు విడిగా ఉంటుంది. అమ్మానాన్నలకు ఇచ్చిన డబ్బు విషయం వేరు: దానిపై వచ్చే ఆదాయం వారిదే. 60 దాటినవారైతే సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు, వడ్డీ మూడు నెలలకోసారి వస్తుంది.

ఈ నెల జీతం స్లిప్పులో మీ బేసిక్ ఎంతో చూడండి. అందులో 14 శాతం లెక్కగట్టి, మీ సంస్థ ఎన్‌పీఎస్ సదుపాయం ఇస్తోందో లేదో హెచ్‌ఆర్‌ను అడగండి.