గ్రిల్ జాలీ తోమాలా? తీగల బ్రష్ మాత్రం వద్దు!

ఆదివారం వస్తే చాలు, ఖైరతాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ డాబా మీద బొగ్గులు రాజుకుంటాయి. చికెన్ టిక్కా, పనీర్, మొక్కజొన్న కంకులు... తినేటప్పుడు అందరూ ఉంటారు. జాలీ తోమే టైమ్‌కి ఒక్కరూ కనబడరు! ఆ డ్యూటీ నాదే కాబట్టి దేంతో తోమితే మంచిదో నాకు బాగా తెలిసొచ్చింది.

తీగల బ్రష్‌తో ఏంటి ప్రాబ్లం?

మాడిన మసి దాంతో ఇట్టే పోతుంది, నిజమే. కానీ బ్రష్ పాతబడితే సన్నటి తీగలు ఊడి జాలీకి అంటుకుంటాయి. అక్కణ్నుంచి ముక్కకి, ముక్కతోపాటు మన నోట్లోకి! అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో 2011 మార్చి నుంచి 2012 జూన్ లోపు ఇలాంటివి 6 కేసులు వచ్చాయని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ వెల్లడించింది. కొందరికి తీగ గొంతులో గుచ్చుకుంది. కొందరికి పేగులకు చిల్లు పడి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. గిన్నెలు తోమే స్టీల్ పీచు నుంచి కూడా తీగలు ఊడతాయి. అదీ వద్దు.

మరి ఏం వాడాలి?

చెక్క అట్లకాడ: జాలీ వేడిగా ఉండగానే మసి గీకేయండి. వాడేకొద్దీ దాని అంచు చువ్వలకు తగ్గట్టు అరిగి ఇంకా బాగా పనిచేస్తుంది.

సగం ఉల్లిపాయ: పొడవాటి కబాబ్ చువ్వకు గుచ్చి వేడి జాలీ మీద రుద్దండి. దోసెల పెనం మీద అమ్మ రుద్దినట్టే!

కొబ్బరి పీచు: జాలీ చల్లారాక సబ్బు నీళ్లతో తోమడానికి. నైలాన్ బ్రష్ కూడా ఓకే. కానీ వేడి మీద పెడితే కరిగిపోతుంది.

వీటి కోసం ఆన్‌లైన్‌లో వెతకక్కర్లేదు. అబిడ్స్ నుంచి మొజంజాహీ మార్కెట్ దాటితే బేగంబజార్. వంట సామాన్లకు అదే పెట్టింది పేరు.

జాలీని బట్టి జాగ్రత్త

పోత ఇనుము జాలీని నీళ్లలో నానబెట్టకండి, తుప్పు పడుతుంది. కడిగి, తుడిచి, పల్చగా నూనె రాయండి. పూత వేసిన జాలీ మీద ఇనుప గరిటె పెట్టొద్దు, పూత లేచిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే అంత భయం లేదు.

ఇంట్లో ఇప్పటికే తీగల బ్రష్ ఉంటే? తీగలు వంగినా, ఊడుతున్నా చెత్తబుట్టలో పడేయండి. దేంతో తోమినా సరే, ముక్కలు పెట్టేముందు జాలీని తడిబట్టతో తుడిచి, ఫోన్ టార్చ్ వేసి ఓసారి చూడండి. అర నిమిషం పని. ఆస్పత్రి చుట్టూ తిరగడం కంటే నయమేగా!