పొడుపు పెద్దలే వేయాలి

మా పెద్దమ్మకు డెబ్భై ఎనిమిదేళ్లు. మెదడుకు మంచిదని మనవడు అమెరికా నుంచి ఐదు వందల ముక్కల జిగ్సా పజిల్ తెచ్చాడు. మంచుకొండ, కింద సరస్సు, ఒడ్డున పాత కోట. రెండు రోజులు మంచం మీద పరుచుకుని అంచులు కట్టింది. మూడో రోజు అన్నీ డబ్బాలో సర్దేసి, "నీలం ముక్కలన్నీ ఒక్కలాగే కనబడుతున్నాయిరా. అయినా ఆ ఊరు నాకేం తెలుసు?" అంది.

ఆవిడ చెప్పిన రెండు మాటలూ నిజాలే. వయసు పైబడే కొద్దీ కంటిలోని కటకం పసుపు బారుతుంది, నీలంలో ఛాయల తేడా దొరకడం కష్టమవుతుంది. రెండో మాట ఇంకా ముఖ్యం. ఆ బొమ్మలో ఆవిడకు సంబంధించింది ఏదీ లేదు.

అసలు జిగ్సా పుట్టింది చేతిపనిగానే. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల ముద్రకుడు దేశాల పటాన్ని చెక్కకు అంటించి, సరిహద్దుల వెంట కోశాడు. పిల్లలకు భూగోళం నేర్పడం కోసం చేసిన పని అది. అందులో ప్రతి ముక్కా ఒక దేశం, అంటే ప్రతి ముక్కకూ ఒక అర్థం ఉంది. మేమూ అదే దారి పట్టాం. 23 జిల్లాల పాత ఆంధ్రప్రదేశ్ పటాన్ని పెద్దగా ప్రింటు తీయించి, పుస్తకాల బైండింగుకు వాడే అట్టకు మైదా జిగురుతో అంటించాం. రాత్రంతా బరువు కింద ఉంచి, పొద్దున్నే జిల్లాల గీతల వెంట కోశాం. మెరిసే ప్లాస్టిక్ పూత వేయించలేదు. దాని మీద వెలుతురు పడితే పెద్దల కళ్లకు ఇబ్బంది.

ఇప్పుడు ఒక్క తెలంగాణలోనే 33 జిల్లాలు. అయినా పెద్దమ్మ మనసులో ఉన్నది పాత పటమే. ఖమ్మం ముక్క చేతిలోకి రాగానే చెల్లెలి అత్తవారిల్లు గుర్తొచ్చింది. ప్రకాశం ముక్క పట్టుకుని, తాను బడిలో చదివేనాటికి ఆ జిల్లాయే లేదని చెప్పింది. పటం పూర్తవడానికి గంటన్నర పట్టింది. అందులో సగానికి పైగా కబుర్లే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పజిళ్లు చేస్తే డిమెన్షియా రాదని ఎవరన్నా అంటే నమ్మకండి. అమెరికాలో 65 దాటిన 2,832 మందితో 'యాక్టివ్' అనే పెద్ద అధ్యయనం చేశారు. దాని తొలి ఫలితాలు 2002లో వచ్చాయి. జ్ఞాపకశక్తి సాధన చేసినవారికి జ్ఞాపకం, తర్కం సాధన చేసినవారికి తర్కం మెరుగుపడ్డాయి. కానీ ఒకదాని సాధన రెండోదానికి పాకలేదు. రోజూ గళ్ల నుడికట్టు నింపేవారికి గళ్ల నుడికట్టు బాగా వస్తుంది. అంతకు మించి ఆశపెట్టడం పెద్దలను మోసం చేయడమే.

మరి ఎందుకీ శ్రమ? 2014లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో డెనిస్ పార్క్ బృందం ప్రచురించిన అధ్యయనం నాకు దారి చూపింది. అరవై దాటినవారిలో కొందరికి డిజిటల్ ఫొటోగ్రఫీ, కొందరికి బొంతలు కుట్టడం, కొందరికి రెండూ నేర్పారు. వారానికి సుమారు 15 గంటల చొప్పున మూడు నెలలు. ఇంకొందరు ఇంట్లోనే పదాల పజిళ్లు నింపుతూ, సంగీతం వింటూ గడిపారు. జరిగిన సంగతులను గుర్తుంచుకునే శక్తి కొత్త పని నేర్చినవారిలో, ముఖ్యంగా ఫొటోగ్రఫీ పట్టుకున్నవారిలో, మెరుగుపడింది. అక్కడ ఎవరూ పజిల్ తయారు చేయలేదు, నిజమే. అయినా దీన్ని బట్టి నాకు అనిపించేది ఇది: పెద్దలకు పజిల్ చేసి ఇవ్వడం కన్నా, పెద్దల చేత పజిల్ చేయించడం మేలు.

మనకిది కొత్త సంగతి కాదు. అష్టావధానంలో అవధాని ఎంత ముఖ్యుడో ఎనిమిది మంది పృచ్ఛకులూ అంతే ముఖ్యులు. సమస్య ఇచ్చేవాడు పైకి అసంబద్ధంగా కనిపించి, లోపల మాత్రం పూరణకు దారి ఉండే పాదాన్ని ఆలోచించి తెస్తాడు. పొడుపు కథకూ అంతే, వేసేవారుంటేనే విప్పేవారు. మనం ముసలివాళ్లను ఎప్పుడూ విప్పేవారిగానే కూర్చోబెడుతున్నాం. ఒక్కసారి పృచ్ఛకుల స్థానంలో కూర్చోబెట్టి చూడండి.

గళ్ల నుడికట్టు కట్టడం అందుకు మంచి మొదలు. తెలుగులో ఒక గడికి ఒక అక్షరం, గుణింతం ఒత్తులతో సహా. 'స్త్రీ' అంతా ఒక్క గడిలో ఇముడుతుంది. కాబట్టి పదాలు కలపడం చాలా ఆలోచింపజేస్తుంది. 'గోదావరి'లోని 'వ' దగ్గర 'వంకాయ'ను నిలువుగా దించుదామంటే కుదరదు. సున్న చేరగానే అది వేరే అక్షరం. అదే 'ఉసిరి' అయితే చివరి 'రి' దగ్గర గోదావరిని కలుస్తుంది. ఇలా ఒక చిన్న గళ్ల పట్టీ నింపడానికి పెద్దమ్మ మూడు మధ్యాహ్నాలు తీసుకుంది. చెరిపి రాయడానికి పలక, బలపం చాలు. ఆధారాలు రాయడం మాత్రం ఆవిడ ఇష్టంగా చేసిన పని. ఉసిరికి ఆవిడ రాసింది: "కార్తీకంలో దీని కిందే భోజనం." మనవడు వీడియో కాల్‌లో చాలాసేపు తడుముకున్నాడు. ఆవిడ చెప్పలేదు, ఇంకో ఆధారం ఇచ్చింది. ఆ రోజు ఆవిడ ముఖంలో గురువు కళ కనిపించింది.

చదువురాని అమ్మమ్మల సంగతేమిటని అడగవచ్చు. వాళ్ల చేతిలో ముగ్గు ఉంది. గట్టి అట్ట మీద మెలికల ముగ్గు వేయించి, తొమ్మిది చదరాలుగా కోసి కలగలిపేయండి. గీతకు గీత కలిస్తేనే ముక్క సరైన చోట కూర్చున్నట్టు. అక్షరం ముక్క అక్కర్లేని ఈ పజిల్‌ను నేను అన్నిటికన్నా పైన పెడతాను. ఇంజనీరింగ్ చదివిన మనవరాలు కూడా సందు చుక్కల దగ్గర ఆగిపోతుంది.

చేసేటప్పుడు కొన్ని పట్టింపులు గమనించాలి. దేవుడి పటాన్ని కత్తిరించకండి. చాలామంది పెద్దలకు అది మనసు కష్టపెట్టే పని. ఇంటివాళ్ల ఫొటో అయితే గీత ముఖం మీదుగా పోకుండా కోయండి. చనిపోయినవారి ఫొటో వాడేముందు అడగండి.

డిమెన్షియా ఉన్నవారికైతే నాలుగో ఆరో పెద్ద ముక్కలు చాలు. గింజలు, గవ్వల వంటివి నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది, వాడవద్దు. చిన్నపిల్లల బొమ్మలు ఇవ్వకండి, వాళ్లు పిల్లలు కారు. "ఇదెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టకండి. "ఇది మన పాత ఇల్లు కదూ" అని మీరే మొదలుపెట్టండి, మిగతాది వాళ్లకు తోచినంత చెబుతారు. తప్పు ముక్క పెట్టినా పెట్టనివ్వండి.

మతిమరుపు కొత్తగా మొదలైతే పజిల్‌తో సరిపెట్టకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. బి12 లోపం, థైరాయిడ్ వంటి నయమయ్యే కారణాలూ ఉంటాయి. కళ్లద్దాలు, వినికిడి కూడా చూపించండి. 2024 లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు దారితీసే, మనం సరిదిద్దగల 14 కారణాలు చెప్పింది. పట్టించుకోని చూపు లోపం, వినికిడి లోపం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి.

మీ అమ్మానాన్నలు ఊళ్లో, మీరు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటే, ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు "మందులు వేసుకున్నావా" అన్న తర్వాత ఇంకో మాట అడగండి: "నాకోసం ఒక నుడికట్టు కట్టి ఫొటో తీసి పంపవా?" వచ్చాక మీరే కూర్చుని నింపండి. తెలియని గడి దగ్గర ఇంటర్నెట్‌లో వెతక్కండి, వాళ్లనే అడగండి.