ఈ-పంట నమోదు ప్రక్రియా చిత్రణలో సొంత ఆకారాల లైబ్రరీల వినియోగం

నంద్యాల జిల్లా బేతంచెర్ల మండలంలో వర్షాధారపు ఎర్రనేలలో కంది వేసిన ఒక కౌలు రైతును ఉదాహరణగా తీసుకొనవచ్చు. పంట చేతికి వచ్చిన తరువాత మద్దతు ధరకు అమ్ముకోవాలన్నా, వాన లేక పంట ఎండితే పరిహారం పొందాలన్నా అతని పేరు ఈ-పంటలో ఉండాలి. పేరు ఎక్కాలంటే పొలం పరిశీలన, ఛాయాచిత్రం, సిబ్బంది ధృవీకరణ, రైతు ఈ-కేవైసీ, సామాజిక తనిఖీ కోసం జాబితా ప్రదర్శన, అభ్యంతరాల పరిష్కారం అనే దశలు దాటాలి. కౌలు రైతు విషయంలో వీటన్నింటికీ ముందు పంట సాగుదారు హక్కు పత్రం అనే మరొక మెట్టు ఉంది. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఈ పత్రానికి భూ యజమాని అంగీకారం అవసరం. దాని కాలపరిమితి పదకొండు నెలలు. యజమాని సంతకం చేయకపోతే పంట కౌలుదారుది, నమోదు యజమానిది అయ్యే ప్రమాదం ఉంది.

ఈ విషయాన్ని పేరాలుగా రాసిన మార్గదర్శకాలలో చదివిన వారికి ఏ దశలో రైతు జారిపోతున్నాడో సులభంగా తట్టదు. వాక్యం ఎప్పుడూ సక్రమంగా జరిగే దారినే చెబుతుంది. చిత్రం అలా కాదు. నిర్ణయ బిందువు వద్ద ‘అవును’ బాణం గీసిన చేయి ‘కాదు’ బాణాన్ని కూడా ఎక్కడికో ఒకచోటికి గీయక తప్పదు. ఆ రెండో బాణానికి చేరవలసిన పెట్టె దొరకకపోతే లోపం చిత్రంలో కాదు, ప్రక్రియలోనే ఉందని తెలుస్తుంది.

పనిని చిహ్నాలతో చిత్రించే పద్ధతి కొత్తది కాదు. 1921లో గిల్‌బ్రెత్ దంపతులు అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ప్రక్రియా పటాలను ప్రతిపాదించారు. నేడు విస్తృతంగా వాడుకలో ఉన్నది బీపీఎంఎన్ అనే సంకేత పద్ధతి. దీని రెండవ రూపం 2011లో వెలువడి, 2013లో ఐఎస్ఓ 19510 ప్రమాణంగా గుర్తింపు పొందింది. వృత్తం ఘటనను, మూలలు గుండ్రంగా ఉన్న దీర్ఘచతురస్రం పనిని, వజ్రాకారం నిర్ణయాన్ని సూచిస్తాయి. ఎవరి పని ఎవరిదో తెలియడానికి పటాన్ని అడ్డపట్టీలుగా విభజిస్తారు. ఈ-పంటకు రైతు, భూ యజమాని, రైతు సేవా కేంద్రం సిబ్బంది, రెవెన్యూ సిబ్బంది, మండల వ్యవసాయాధికారి అని అయిదు పట్టీలు సరిపోతాయి. యజమానికి విడిగా పట్టీ ఇవ్వడం మరువరాదు. సాధారణంగా గీసే పటాలలో మొదట మాయమయ్యేది అదే.

సిద్ధంగా దొరికే ఆకారాలు కార్యాలయ వ్యవహారాల కోసం తయారైనవి. పాసుపుస్తకం, సాగుదారు పత్రం, వేలిముద్ర యంత్రం, తొలకరి వాన వంటివి వాటిలో ఉండవు. సొంత ఆకారాల లైబ్రరీ అవసరం ఇక్కడే వస్తుంది. బీపీఎంఎన్ ప్రమాణం అదనపు చిత్రాలను సమాచార చిహ్నాలుగా చేర్చుకోవడానికి అనుమతిస్తుంది. కాని మౌలికమైన ఘటన, పని, నిర్ణయం ఆకారాలను మార్చరాదు. వజ్రాకారం బదులు నాగలి బొమ్మ పెడితే చూడటానికి బాగుంటుంది గాని చదవటానికి వీలుకాదు. వేలిముద్ర చిహ్నం పని పెట్టె లోపల మూలన ఉండాలి, పెట్టెకు బదులుగా కాదు.

డయాలో లైబ్రరీ నిర్మాణం

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లలో ఈ పనిని నేర్చుకోవడానికి డయా అనువైనది. దీనిలో ప్రతి సొంత ఆకారం ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు. దానిలో ఆకారం పేరు, పరికరాల పెట్టెలో కనిపించే చిన్న బొమ్మ, బాణాలు అతుక్కొనే బిందువులు, అక్షరాలు పట్టే చోటు, ఎస్వీజీ భాషలో అసలు గీత ఉంటాయి. వీటిలో విద్యార్థులు నిర్లక్ష్యం చేసేది అతుకు బిందువులను. అవి లేని ఆకారం పటంలో అందంగానే కనిపిస్తుంది; దానిని పక్కకు జరిపినప్పుడు బాణం మాత్రం పాతచోటే నిలిచిపోతుంది. సాగుదారు పత్రం చిహ్నానికి నాలుగు భుజాల మధ్యన నాలుగు బిందువులు, కేంద్రంలో ఒక ప్రధాన బిందువు ఇస్తే చాలు. పత్రం సాగిపోకుండా పొడవు వెడల్పుల నిష్పత్తిని స్థిరంగా ఉంచాలి. నింపు రంగును ఆకారంలోనే నిర్దిష్టంగా రాయక, వాడేవారు ఎంచుకొనే నేపథ్య రంగుకు వదిలివేస్తే నలుపు తెలుపు ముద్రణకు కూడా పనికివస్తుంది. ఎక్స్ఎంఎల్ రాయడం ఇష్టంలేనివారు డయాలోనే బొమ్మ గీసి ఆకారపు ఫైలుగా ఎగుమతి చేయవచ్చు.

ఆకారాలన్నింటినీ ఒక చోట చూపేది షీట్ ఫైలు. ఆకారపు ఫైలులోని పేరు, షీట్‌లోని పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. ఆకారం కనిపించడం లేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట చూడవలసినది ఇదే. ఈ పేరును రోమన్ లిపిలో ఉంచి, షీట్ పేరుకు, వివరణకు భాషా గుర్తుతో తెలుగు పాఠం జోడించవచ్చు. రెండు రకాల ఫైళ్లనూ వాడుకరి సొంత ఫోల్డరులోని డయా విభాగంలో, ఆకారాలకు, షీట్లకు వేర్వేరుగా ఉన్న చోట్ల ఉంచి సాఫ్ట్‌వేర్‌ను తిరిగి తెరవాలి.

కార్యాలయ కంప్యూటరులో లిబ్రేఆఫీస్ ఉన్నవారికి డ్రా భాగంలోని గ్యాలరీ దగ్గర దారి. కొత్త థీమ్ ఒకటి సృష్టించి, ఒక గుంపుగా కట్టిన బొమ్మను దానిలోకి లాగి వదిలితే చాలు. థీమ్‌ను మరొక కంప్యూటరుకు తీసుకుపోయేటప్పుడు దాని పేరుతో ఉన్న ఎస్‌డీజీ, ఎస్‌డీవీ, టీహెచ్ఎం ఫైళ్లు మూడూ కలిసి వెళ్లాలి. డ్రా.ఐఓ లైబ్రరీ ఒకే ఫైలుగా ఉంటుంది గనుక పంచుకోవడం సులభం. దాని డెస్క్‌టాప్ రూపం అంతర్జాలం లేకుండానే నడుస్తుంది.

తెలుగు అక్షరాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఒత్తులు, గుణింతాలు పైకీ కిందికీ విస్తరిస్తాయి కాబట్టి ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన పెట్టెలో ‘ధృవీకరణ’ పట్టదు. ఎత్తు ఎక్కువ ఇవ్వాలి. మండలి, నోటో సాన్స్ తెలుగు వంటి స్వేచ్ఛా యూనికోడ్ ఫాంట్లను వాడి, పంపేటప్పుడు పీడీఎఫ్‌గా మార్చితే అవతలి కంప్యూటరులో ఫాంటు లేదన్న బెడద ఉండదు.

పటాన్ని చదివే తీరు

బేతంచెర్ల ఉదాహరణను ఇలా గీసినప్పుడు మూడు చోట్ల వజ్రాకారాలు వస్తాయి. మొదటిది యజమాని అంగీకారం. రెండవది ఈ-కేవైసీ: కూలి పనికో, నాపరాళ్ల గనికో వెళ్లి చేతులు అరిగినవారికి వేలిముద్ర పడకపోవచ్చు, అక్కడ ఇతర ధృవీకరణకు బాణం ఉన్నదా అన్నది ప్రశ్న. మూడవది జాబితాపై అభ్యంతరం. దీనికి గడియారపు గుర్తుగల ఘటనను జతచేయాలి, ఎందుకంటే గడువు ముగిసిన తరువాత వచ్చిన అభ్యంతరం దారి వేరు. మూడింటిలో రెండవ, మూడవ వజ్రాలకు వెనుకకు తిరిగే బాణం గీయవచ్చు. మొదటి దానికి, యజమాని మనసు మారితే తప్ప, వెనుకకు పోయే బాణం లేదు. కౌలు రైతుకు సంబంధించి విస్తరణ సిబ్బంది ఎక్కువ శ్రమ పెట్టవలసిన సమయం నమోదు వారం కాదనీ, కౌలు మాట కుదిరే వేసవి నెలలనీ ఈ ఒక్క బాణం చెబుతుంది.

పటాన్ని సిబ్బంది చెప్పినదానిని బట్టి మాత్రమే గీసి సరిపెట్టుకోరాదు. పెద్ద కాగితంపై ముద్రించి రైతు సేవా కేంద్రం వద్ద నలుగురు రైతుల ముందు పరచి, తమ పేరు ఎక్కడ ఆగిందో వేలుపెట్టి చూపమని అడగాలి. వారు చూపిన చోటు పటంలో లేకపోతే పటాన్ని మార్చాలి. చదువురాని వారికి కూడా పాసుపుస్తకం బొమ్మ, వేలిముద్ర బొమ్మ తెలుస్తాయి. సొంత ఆకారాలకు పడిన శ్రమ ఇక్కడ ఫలిస్తుంది.

నిబంధనలు సీజనుకు సీజనుకు మారుతుంటాయి. 2020 మేలో రైతు భరోసా కేంద్రాలుగా మొదలైనవి నేడు రైతు సేవా కేంద్రాలు. పాత పటాలలో ఆ పేరు మార్చవలసి వచ్చింది. అందుచేత పటం ప్రతి రూపానికీ సీజను, సంవత్సరం రాసి భద్రపరచాలి. డయాలో ఫైలును కుదించకుండా దాచే ఎంపికను వాడితే అది సాదా పాఠంగా నిలిచి, ఖరీఫ్ పటానికీ రబీ పటానికీ మధ్య ఏ పెట్టె పోయిందో, ఏ బాణం చేరిందో వరుసకు వరుస పోల్చి చూడటానికి వీలవుతుంది.