బాలలు – వెబ్‌సైటు రచన

చదువుట, వ్రాయుట అనే రెండు విద్యలు జంటగా సాగినప్పుడే అక్షరాస్యత సంపూర్ణమవుతుంది. నేటి బాలలకు అంతర్జాలంలో చూడటం వచ్చును, వ్రాయటం రాదు. చేతిలోని ఫోనులో వారు ఎన్నో వింతలు చూస్తున్నారు. కాని తాము స్వయంగా రచించిన పుట అందులో ఒక్కటీ లేదు. ఈ లోపాన్ని తీర్చగల మార్గం పిల్లలకు వెబ్‌సైటు నిర్మాణం నేర్పటమే.

ఇది ఇంజనీర్లకు మాత్రమే చెందిన విద్య అని పలువురు భావిస్తారు. అది పొరపాటు. 1989లో టిమ్ బెర్నర్స్-లీ అనే ఆంగ్లేయుడు జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనా సంస్థలో ఈ వ్యవస్థను ప్రతిపాదించాడు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ దీనిని సర్వజనుల ఉచిత వినియోగానికి విడిచిపెట్టింది. కనుకనే నేడు ఎవరి అనుమతీ లేకుండా ఎవరైనా వెబ్ పుట రచించవచ్చు.

గద్వాల బాలిక ఒకతె తమ ఊరి చీరను గూర్చి పుట వ్రాయదలచినదనుకొందాం. కంప్యూటరులోని నోట్‌ప్యాడ్ చాలును. ‘గద్వాల చీర’ అన్న మాటకు ముందు కోణాకారపు గుర్తుల నడుమ ‘హెచ్1’ అని వ్రాసి, మాట ముగిసిన పిదప అదే గుర్తును ఒక ఏటవాలు గీతతో కలిపి వ్రాస్తే అది శీర్షిక అవుతుంది. ‘పి’ అన్నది పేరాకు, ‘ఐఎంజి’ చిత్రానికి, ‘ఎ’ మరొక పుటకు పోవు లంకెకు గుర్తులు. వీటిని ట్యాగులంటారు, ఈ పద్ధతి పేరు హెచ్‌టిఎంఎల్. రంగులకు, అలంకరణకు సిఎస్ఎస్ అనే మరొక పద్ధతి ఉన్నది. వ్రాసిన ఫైలు పేరు చివర చుక్క పెట్టి ‘హెచ్‌టిఎంఎల్’ అని చేర్చి, బ్రౌజరులో తెరిచిన తక్షణమే పుట కనిపిస్తుంది. ఈ అభ్యాసానికి అంతర్జాలం సైతం అవసరం లేదు. నల్లమల అంచున ఉన్న నాగర్‌కర్నూలు పల్లె బడిలోనైనా ఒక పాత కంప్యూటరుతో దీనిని సాగించవచ్చు.

మన ప్రాంతంలో తెలుగు, ఉర్దూ భాషల పిల్లలు కలిసి పెరుగుతారు. తెలుగు ఎడమ నుండి కుడికి, ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతాయి. పూర్వం ఉర్దూ పత్రికలను కాతిబులు చేతితో వ్రాస్తే రాతి అచ్చున ముద్రించేవారు. నేడు యూనికోడ్ వలన రెండు లిపులూ ఒకే పుటలో ఇముడుతున్నవి. ఉర్దూ పేరా ట్యాగులో ‘డిఐఆర్’ అనే మాటకు ‘ఆర్‌టిఎల్’ అని విలువ ఇచ్చినచో ఆ భాగం కుడి నుండి మొదలవుతుంది. ఇద్దరు మిత్రులు ఒకే విషయాన్ని తమ తమ భాషలలో వ్రాసి ఒకే పుటలో నిలుపవచ్చును.

ఇక ఏమి వ్రాయాలి? తెలంగాణలో తెలుగు కవులే లేరన్న ఆక్షేపణకు సురవరం ప్రతాపరెడ్డిగారు వాదంతో గాక, 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించి సమాధానమిచ్చారు. వారి స్వగ్రామమైన ఇటిక్యాలపాడు నేటి జోగుళాంబ గద్వాల జిల్లాలోనిదే. అంతర్జాలంలో మన పల్లెల ఊసు కానరానప్పుడు మన బాలలు అనుసరించవలసిన మార్గమిదే. పాలిటెక్నిక్ కళాశాల వెలసిన వనపర్తి రాజప్రాసాదం, గద్వాల కోట, చెంచుల జీవనం, అవ్వ చెప్పిన సామెత – అన్నియూ వస్తువులే. పెద్దలను అడిగి, సరిచూసుకొని వ్రాయుటలో భాషాజ్ఞానం, సత్యనిష్ఠ రెండూ అలవడుతాయి.

అయితే జాగ్రత్త అవసరం. పిల్లల ఇంటి చిరునామా, ఫోను నంబరు, ఛాయాచిత్రం పుటలో ఉండరాదు. ఇతరుల చిత్రాలను అనుమతి లేక వాడరాదు. పుటను లోకానికి ప్రకటించు పని పాఠశాల పేరిట ఉపాధ్యాయుడే చేయాలి.

కళాశాల విద్యార్థులు సెలవులలో వారానికి రెండు గంటలు తమ ఊరి బడికి కేటాయించినచో ఈ కార్యం సులభసాధ్యం. మన ఊరి కథను మన పిల్లలే వ్రాయగలరు. వారికి ఆ పనిముట్టు అందించవలసిన బాధ్యత మనది.